సారు గది ముందు స్టూలు

నేను ఒక స్టూలుని. మామిడి చెక్కతో చేశారు. వడ్రంగి మాత్రం బిల్లులో టేకు అని రాశాడు. ఆఫీసులో ఎవరూ అడగలేదు.

నా చోటు పెద్దసారు గది గుమ్మం పక్కన. నా మీద కూర్చునేవాడు అటెండరు కోటిలింగం. కూర్చునేవాడనడం కూడా పూర్తిగా నిజం కాదు. లోపల బెల్లు మోగితే లేచేవాడు, సారు దగ్గినా లేచేవాడు. సార్లు బదిలీ మీద వెళ్ళేవారు, కొత్తవాళ్ళు వచ్చేవారు. ఎవరొచ్చినా ఆయన లేవడం ఒక్కలాగే ఉండేది.

ఆయనకు ఒక్కటే గర్వం. లోపల విన్న మాట గుమ్మం దాటనివ్వడు. కాంట్రాక్టర్లు టీ ఇప్పించి కూపీ లాగబోతే, "నాకు చెవుడు బాబూ" అనేవాడు. భార్య వరాలమ్మకి కూడా ఏమీ చెప్పేవాడు కాదు.

రిటైరయ్యాక, పాత సామాను వేలంలో నన్ను కొని ఇంటికి తెచ్చుకున్నాడు.

"మనుషులకే చోటు లేదు, దీన్నెందుకు మోసుకొచ్చారు?" అంది వరాలమ్మ. అంటూనే తడిగుడ్డతో తుడిచింది.

కొన్నేళ్ళకు ఆమెకు ఒక కన్ను పోయింది. రెండోదానికి త్వరగా ఆపరేషన్ చేయించాలి, ఆలస్యమైతే చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. ఆసుపత్రిలో పేరు రాయించారు.

ఆ వారంలోనే ఫోను వచ్చింది. బొమ్మ కనపడే ఫోను. అందులో యూనిఫారం వేసుకున్న మనిషి, వెనక జెండా.

"కోటిలింగం నువ్వేనా?"

ఆయన చటుక్కున నా మీద నుంచి లేచాడు. "నేనే సార్."

"నీ ఖాతాలో దొంగసొమ్ము పడింది. కేసు రాశాం. ఉన్న డబ్బంతా మేం చెప్పిన సర్కారు ఖాతాకి పంపు. చూసి సాయంత్రానికి తిరిగి వేస్తాం. ఇది రహస్య విచారణ. నీ భార్యకి కూడా తెలియకూడదు."

"నా నోటి నుంచి ఒక్క మాట బయటికి పోదు సార్."

భయం ఉన్నా, ఆ మాట అనేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఒక సారు ఆయన్ని నమ్మి రహస్యం అప్పజెప్పాడు మరి.

"ఎవరండీ?" అంది వరాలమ్మ వంటింట్లోంచి. ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేశాడు.

అన్నేళ్ళు గుమ్మం కాపలా ఉన్నదాన్ని, నాకు తెలుసు. కేసంటే కాగితం వస్తుంది, మనిషి వస్తాడు. డబ్బు పంపమని ఏ సర్కారూ ఫోను చెయ్యదు. నోరుంటే ఆ మాట అరిచి చెప్పేదాన్ని.

డబ్బు పంపడానికి వెళ్తే బ్యాంకులో అమ్మాయి, "ఇంత డబ్బు ఎవరికి తాతగారూ?" అని అడిగిందట. "ఇంటి పనికి" అన్నాడట.

సాయంత్రానికి డబ్బు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆఫీసు పని కదా, ఆలస్యమవుతుంది అనుకుంటూ నా మీద కూర్చున్నాడు. అన్నం మానేశాక వరాలమ్మ నిలదీసింది.

"ఎవరికీ చెప్పొద్దన్నారే..."

"నేను ఎవరిలో జమండీ?"

ఫిర్యాదుకి వెళ్తే, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేసి ఉంటే డబ్బు ఆపగలిగేవాళ్ళమేమో అన్నారట పోలీసులు. ఫోనులో సారు అబద్ధమే కానీ, ఈయన మౌనం అసలైనది. ఏళ్ళ తరబడి నా మీద కూర్చుని నేర్చుకున్నది.

ఇవాళ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రేపు చేరుతున్నారా అని.

"ఒంట్లో బాగాలేదని చెప్పవే" అన్నాడాయన, మెల్లగా.

"లేదమ్మా, డబ్బు పోయింది" అంది వరాలమ్మ. "గవర్నమెంటు ఆఫీసర్లమని చెప్పి మా ఆయన్ని దోచుకున్నారు. మీ దగ్గరికి ముసలాళ్ళు చాలామంది వస్తారు కదా, చెప్పు తల్లీ. అలాంటి ఫోను వస్తే పెట్టేసి, ముందు ఇంట్లోవాళ్ళని పిలవమను. నా సంగతి... చూద్దాంలే."

ఆయన గోడవైపు తిరిగాడు.

వరాలమ్మ ఫోను నా మీద పెట్టబోయింది. చెయ్యి గాలిలోనే ఆగింది. రెండోసారి తడిమితే గానీ నా అంచు దొరకలేదు.