అప్పగింతల వేళ వయొలిన్

మా పెద్ద మనవరాలు కీర్తి పెళ్లిలో వాయించాలని చిన్నది సాయిపద్మ వయొలిన్ మీద ఓ చిన్న పాశ్చాత్య బాణీ నేర్చుకుంది. నెమ్మది నడక, డి మైనర్ శ్రుతి, దిగులు భావం అని చెప్పింది. నాకు దిగులొక్కటే అర్థమైంది. బరంపురంలో పప్పుల వ్యాపారం చేసే మా అబ్బాయి హేమచంద్రకూ అంతే.

"పెళ్లిలో ఏడుపు పాటేటే? జోరుగా వాయించు, నేదంటే మానీ!" అన్నాడు.

"జోరుగా వాయిస్తే అది ఆ పాటే కాదు నాన్నా," అంటూ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

నేనూరుకుంటానా? "ఒరే, అప్పగింతలప్పుడు ఎలాగూ ఏడవాలి గదరా! అప్పుడు వాయించనీ," అన్నాను.

తీరా ఆ వేళకి ఒక్కరూ ఏడవరే! అత్తవారిది పక్క ఊరు చికిటే. "ఆదివారం వచ్చేత్తాను నాన్నా, గుత్తొంకాయ వండించు," అని పెళ్లికూతురే పురమాయిస్తోంది.

అందరూ నవ్వుతుండగా సాయిపద్మ తీగల మీద కమాను ఆనించింది. మావాడు కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టబోయి, పెట్టలేక, కండువాతో మొహం కప్పుకున్నాడు. పాట చివరికొస్తుంటే కండువా చాటునుంచే అన్నాడు:

"ఇంకాస్త నెమ్మదిగా వాయించమ్మా. అది అయిపోతే ఇది ఎల్లిపోద్ది."