దారిలో ఒక్క తోపు

నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మన్నించండి. రాయడం నెమ్మది, అందుకని ఈ కథా నెమ్మదిగానే నడుస్తుంది.

మా వెర్మాంట్ రాష్ట్రంలో, కోర్లిస్ కొండమీద ఆర్డిత్ పెల్కీకి నలభై ఆవులున్నాయి. రెండుపూటలా పిండిన పాలు కొట్టం పక్కగదిలో స్టీలు ట్యాంకులో చల్లగా ఉంటాయి. రోజు విడిచి రోజు పాల లారీ వచ్చి తోడుకుపోతుంది. లారీ రాకపోతే ట్యాంకు నిండిపోతుంది. ఆవుల పొదుగులు మాత్రం ఆగవు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ట్యాంకు అడుగున కుళాయి తిప్పి పాలు కాలవలోకి వదిలెయ్యడం.

ఆ చలికాలం ఆర్డిత్ ఆ పని రెండుసార్లు చేసింది. గడ్డకట్టిన మంచుమీద పాలు పసుపుపచ్చగా పెచ్చులు కట్టాయి. కాస్త ఎండ తగలగానే పులిసిన కంపు లేచింది. పిల్లులు కూడా నాలుగు నాకులు నాకి మొహం తిప్పుకున్నాయి.

రెండోసారి పాల లారీ నడిపే గేలన్ కొండ కిందనుంచే ఫోన్ చేశాడు.

"అమ్మా, నా చేతుల్లో ఏం లేదు. ఇంకొక్కసారి ఇలాగైతే నీ కొండ వదిలెయ్యమని మా పైవాళ్ళు చెప్పేశారు. ఇంత బరువు బండేసుకుని ఆ మంచులో ఎక్కితే తిరిగి దిగేది నేను కాదు, నా శవం."

కొండమీద మంచు తొయ్యాల్సింది ముందు పెద్ద ఇనప పలక బిగించిన ఊరి లారీ. నడిపేవాడు ఊరి రోడ్ల కమిషనర్ డ్వేన్ స్టోవెల్. చెడ్డవాడని ఎవరూ అనరు. వచ్చిన చిక్కల్లా అదే. ఊళ్ళోంచి కొండకు వచ్చేటప్పుడు అయినవాళ్ళ ఇల్లు కనబడితే చాలు, లారీ వాళ్ళ వాకిట్లోకి తిప్పి, కారు నిలిపేచోటు దాకా మంచంతా నెట్టేసి వచ్చేవాడు. "దారిలోనే కదా, ఒక్క తోపు" అనేవాడు. వాళ్ళు కాఫీ, వేడివేడి డోనట్లు కిటికీలోంచి అందించేవాళ్ళు. ఇంటింటికీ ఒక్క తోపే. ఆ తోపులన్నీ అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఇక కొండ ఎక్కాలంటే డ్వేన్‌కు ఆకలేసేది.

మార్చిలో ఊరి సభ జరిగింది. హాలంతా తడి బూట్ల కంపు, వెనక వంటగదిలోంచి బెల్లం పాకంలో ఉడికిన బీన్స్ వాసన. ముందు జెండా కర్రకు తెల్ల రంగు వెయ్యాలా, వెండి రంగు వెయ్యాలా అని చాలాసేపు కొట్టుకున్నారు. ఆ తర్వాత రోడ్ల కమిషనర్ ఎన్నికకు వచ్చారు. సభ నడిపే హార్లన్ ముసలాయన అడగడమే తడవు, డ్వేన్ పేరు ఒకరు ప్రతిపాదించారు, నలుగురు బలపరిచారు.

ఆర్డిత్ లేచి నిలబడింది.

"అభ్యంతరమా అమ్మాయ్?" అన్నాడు హార్లన్.

"మీరందరూ డ్వేన్‌కు పెడుతున్న డోనట్ల ఖరీదు నా పాలు" అంది ఆర్డిత్. "ఊరి లారీ ముందు ఊరి రోడ్లు తొయ్యాలి. వాకిళ్ళు ఎవరివి వాళ్ళు తోసుకోవచ్చు. రెండుసార్లు ట్యాంకు కాలవలో పారబోశాను. మూడోసారి పొయ్యాల్సి వస్తే ఇక నా దగ్గర ఆవులుండవు."

డ్వేన్ నవ్వుతూనే అన్నాడు. "ఆకాశంలోంచి మంచు కురిపించేది నేనా అక్కా? ఒక్కణ్ణి, ఒక్క లారీ. మీ కొండ ఊరికి ఆ చివర. ఎవరో ఒకరు చివర ఉండాలిగా."

హాలంతా నవ్వింది. ఆర్డిత్ మొహం కందిపోయింది.

"రాయ్ గిల్ఫిలన్ పేరు నేను ప్రతిపాదిస్తున్నాను" అంది.

కొండ దిగువన ఉండే రాయ్ సభకు రాలేదు. పాకం కాచడానికి మేపుల్ చెట్లనుంచి తీపినీరు పట్టే రోజులు కదా, అడవిలో ఉన్నాడు. అతనికి ఒక మాటైనా చెప్పలేదన్న సంగతి ఆర్డిత్‌కు నోరు జారాకగాని తట్టలేదు.

"బలపరిచేవాళ్ళున్నారా?" అని హార్లన్ అడిగాడు.

ఎవరూ లేరు. ఒకడు బూటు తాడు కట్టుకున్నాడు. ఆర్డిత్‌తో కలిసి బడిలో చదివిన రీటా వంటగదివైపు చూస్తూ, బీన్స్ మాడిపోతున్నాయేమోనని గొణిగింది.

"బలపరిచేవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు పోయింది" అన్నాడు హార్లన్. "డ్వేన్‌కు అవునన్నవాళ్ళు?"

"అవును" అన్న కేకకు కిటికీ అద్దాలు అదిరాయి.

భోజనాల దగ్గర ఆర్డిత్ కంచం పట్టుకుని నిలబడితే ఒక్కొక్కరే పక్కకి చేరారు. "నువ్వన్నది అక్షరాలా నిజమే" అని ఒకరు. "బాగా కడిగేశావు" అని ఇంకొకరు. రీటా ఆమె కంచంలో ఆపిల్ పళ్ళు పెట్టి కాల్చిన 'పై' ముక్క పెద్దది వేసి, చెవిలో చెప్పింది. "మా ఆయనకి నడుం నొప్పే, పార పట్టలేడు. డ్వేన్ రాకపోతే మా కారు బయటికి రాదు. నువ్వేం అనుకోకు."

"నేనేం అనుకుంటే నీకెందుకులే" అంది ఆర్డిత్. ఆ తీపి ముక్క ముట్టుకోలేదు.

చివరికి డ్వేన్ వచ్చాడు, మూతికి బీన్స్ పాకం అంటించుకుని.

"కోపం పెట్టుకోకక్కా. ఇకనుంచి ముందు నీ కొండకే వస్తాను. నీ కొట్టం ముందు కూడా ఒక్క తోపు వేస్తాను. సరేనా?"

"నాకు రోడ్డు చాలు. నా వాకిట్లోకి రావద్దు."

"భలేదానివే" అంటూ భుజం తట్టి వెళ్ళాడు.

తర్వాత వారం మంచు పడితే డ్వేన్ అన్నంత పనీ చేశాడు. ఆవుల దగ్గర ఉండగానే లారీ చప్పుడు వినబడింది. ఆర్డిత్ బయటికి వచ్చేసరికి రోడ్డుతోపాటు వాకిలి కూడా గులకరాళ్ళు కనబడేదాకా గీకి ఉంది. గేలన్ ఈలవేసుకుంటూ వచ్చి పాలు తోడుకుపోయాడు.

మధ్యాహ్నం దాణాకు కిందికి దిగినప్పుడు రాయ్ ఇంటి దారి కనబడింది. ఆ దారి మొదట్లో ఊరి లారీ తెచ్చి వేసిన మంచు నడుం ఎత్తు గట్టులా పడి ఉంది. మట్టి, రాళ్ళు కలిసి బిగుసుకుపోయిన మురికి గట్టు. ఎవరూ పొరపాటున అలా వెయ్యరు. దాని అవతల రాయ్ చెమటలు కక్కుతూ గునపంతో పొడుస్తున్నాడు. ఆర్డిత్ ఇంటికి వెళ్ళి ట్రాక్టరు తెచ్చి, గట్టంతా ఎత్తి పక్కన పోసింది.

పనయ్యాక రాయ్ దగ్గరికి వచ్చాడు.

"నా పేరు చెప్పమని ఎవరడిగారు నిన్ను?"

"నువ్వైతే పని సరిగ్గా చేస్తావని..."

"నీరు పట్టిన డ్రమ్ములు పొద్దుట్నుంచి అడవిలోనే ఉన్నాయి. పులిసిపోయుంటాయి ఈపాటికి. నీ పోరాటం నువ్వు పోరాడుకో తల్లీ. మధ్యలో నన్ను లాగకు."

ఆర్డిత్ ట్రాక్టరు ఎక్కి వెనక్కి తిప్పింది. ఆ మాట న్యాయమైనదే.

మళ్ళీ మంచు పడింది. కింద రాయ్ దారి దగ్గర ఊరి లారీ ఆగి మళ్ళీ గట్టు వెయ్యడం పైనుంచే ఆర్డిత్‌కు కనబడింది. ఈసారి ఆమె ముందే వెళ్ళి వాకిలి మొదట్లో నిలబడింది. లారీ ఎక్కివచ్చి, రెండు బారల దూరంలో ఆగింది. డ్వేన్ అద్దం దించాడు.

"రాయ్ దారిలో గట్టు తీస్తేగాని నా వాకిట్లో చక్రం పెట్టనివ్వను" అంది ఆర్డిత్.

"ఏ గట్టు? మంచన్నాక ఎక్కడో ఒకచోట పడుతుంది."

"ఎక్కడ పడుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

డ్వేన్ నవ్వలేదు. వెనక్కి తల తిప్పి చూపించాడు. వంపు దగ్గర పాల లారీ ఆగి ఉంది. రాత్రినుంచి కురిసిన మంచు వాకిట్లో మోకాలెత్తు ఉంది. ట్యాంకు అంచులదాకా నిండి ఉంది.

"తప్పుకో అక్కా" అన్నాడు మెల్లగా. "తోసేది నీ ట్రాక్టరైతే గంట పడుతుంది. గేలన్ అంతసేపు ఆగడు. వెళ్ళిపొమ్మంటావా?"

గేలన్ ఒకసారి హారన్ కొట్టాడు. కొట్టంలో ఆవులు అరుస్తున్నాయి.

ఆర్డిత్ అతని మొహంలోకి చూసింది. మూతిమీద చక్కెర పొడి అంటి ఉంది, అప్పటికే ఎవరింట్లోదో డోనట్. కాండ్రించి పక్కనున్న మంచులో ఉమ్మేసింది. తర్వాత పక్కకు తప్పుకుంది.

లారీ వాకిట్లోకి వెళ్ళి, ఒక్క తోపు తోసి, వెనక్కి వచ్చింది. డ్వేన్ చెయ్యి ఊపాడు. ఆమె ఊపలేదు. ట్యాంకు గది తలుపు తీయడానికి వెళ్ళింది.

నా పేరు ఇవెట్ లామరూ, వయసు డెబ్బై ఎనిమిదేళ్ళు, ప్రస్తుతం వెర్మాంట్‌లోని బారీ ఊళ్ళో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.