ముందు భాగం వేరే బండిది

2004లో ఫల్గుణ తన వ్యానుకు రేడియో పెట్టించాలనుకున్నాడు. అరకు చుట్టుపక్కల సంతలకు జనాన్ని తిప్పడం అతని పని. ఘాటీలో గంటల తరబడి ప్రయాణం, పాటలుంటే బాగుంటుందని ఎక్కినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. విశాఖపట్నం వెళ్లినప్పుడు ఒక సెట్టు కొన్నాడు. వ్యాను పాత మోడలా, కొత్త మోడలా అని షాపువాడు అడిగితే, హెడ్‌లైట్లు గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉంటాయని చెప్పాడు. అయితే కొత్తదేనని, దానికి సరిపోయే వైర్ల ప్లగ్గు ఇచ్చాడు షాపువాడు.

అరకులో రేడియోలు బిగించే సింహాచలం డాష్‌బోర్డు ఊడదీసి ప్లగ్గు పెట్టి చూశాడు. పట్టలేదు.

"ఏటి ఫల్గుణా, ఇది ఏ ఏడు బండి?"

"రెండువేలు. ఆర్సీ బుక్కులో అదే ఉంది బావూ."

"ఆ ఏడు నడిమిలోనే మోడలు మారింది. బుక్కు సూస్తే తెలవదు. సీటెత్తు."

డ్రైవరు సీటు కింద చిన్న రేకు ఉంది. సింహాచలం దాన్ని తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి చదివాడు. బండి తయారైన నెల ఫిబ్రవరి.

"పాత మోడలే. మరి ఈ మూతి కొత్తదెలాగొచ్చింది?" అంటూ కాళ్ల దగ్గరి మ్యాటు లాగాడు. కింద అడ్డంగా వెల్డింగు గీత. దానికి ముందు వైపు తెల్ల పెయింటు, వెనక వైపు నీలం.

"ఎక్కడో గుద్దీసినారు. ముందరి భాగం ఇంకో బండిది తెచ్చి అతికీసినారు. లోపలి వైర్లు మాత్రం పాతయే ఉంచీసినారు."

పార్వతీపురంలో ఫల్గుణకు ఈ బండి అమ్మిన మనిషి చిన్న దెబ్బ కూడా తగల్లేదని చెప్పాడు. రెండేళ్లుగా ఫల్గుణ పన్నెండేసి మందిని ఎక్కించుకుని ఘాటీ దిగుతున్నాడు. మొన్న భార్య కృపావతి, బిడ్డ కూడా అందులోనే వచ్చారు.

"రేడియో పెట్టీమంటావా? వైర్లు విడిగా కలపొచ్చు."

"ఇప్పుడొద్దు బావూ. ముందల మెకానిక్కుకి సూపించాల."

వ్యాను రెండు వారాలు షెడ్డులో ఉంది. వెల్డింగు గట్టిగానే ఉందన్నాడు మెకానిక్కు. స్టీరింగు దగ్గర ఒక జాయింటు మాత్రం బాగా అరిగిపోయింది, దాన్ని మార్చాడు. ఆ తర్వాతే సింహాచలం ఒక్కొక్క వైరూ టెస్టు లైటుతో చూసుకుని రేడియో బిగించాడు.

"జనానికి ఇయ్యన్నీ సెప్పకు. సెప్తే ఎవులెక్కుతారు?" అంది కృపావతి.

కానీ సంతరోజు, ఇన్నాళ్లూ ఏమైపోయావని ఎక్కినవాళ్లు అడిగితే ఫల్గుణ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇద్దరు దిగి బస్సు కోసం నడిచారు. పసుపు అమ్మే సోములమ్మ మాత్రం కదల్లేదు.

"బాగు సేయించినావు కదా?"

"సేయించినాను."

"అయితే బేగి పోనీ. ఎండెక్కిపోతంది."

ఫల్గుణ బండి స్టార్టు చేశాడు.