చవితినాటి తుమ్మికూర

వినాయక చవితినాడు తుమ్మికూర లేనిదే సిరిసిల్లలో విస్తరి నిండదు. ఏడాదంతా ఎవరూ కన్నెత్తి చూడని ఆ మొక్క కోసం ఆ ఒక్క పొద్దు జనం ఎగబడతారు. ఊరికే దొరికేదాన్ని నాలుగు పైసలు చేసుకునే రోజు, నేను ఊరుకుంటానా? తెల్లారేసరికి తంగళ్ళపల్లి చెలకల్లో ఉన్నాను. ఒక గట్టు పొడవునా లేత తుమ్మి! ఎగిరి గంతేశాను. సంచినిండా తెంపుకుని తొలి ఆటోలో మార్కెట్లో దిగాను.

బోణీ చేసింది వందన. సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపే వాళ్లింటి కోడలు, ఏడో నెల.

"మస్తు లేతగున్నది అక్కా, ఇంకింత ఎయ్యి. నీళ్ల ట్యాంకు ఎనుక గల్లీల ఉంటం, వందన అంటె ఎవలన్న చెప్తరు. వచ్చే ఏడు ఇంటికే తెచ్చియ్యి," అని నవ్వుతూ పోయింది.

మార్కెట్లో జనం ఇంకా పలచగానే ఉన్నారు; గంట తర్వాత రెండో బేరానికి వచ్చింది మా ఊరి పరశురాములు. కూర చేతిలోకి తీసుకుని, "ఏడ తెంపినవ్ చెల్లె?" అన్నాడు.

"నీ చెలక గట్టు మీదనే. ఏందన్నా, పైసలడుగుతవా?"

"ఓ పిచ్చిదానా! నిన్న పొద్దుగూకంగ గడ్డిమందు కొట్టిన గదనే!"

మందు కొట్టిన మర్నాడు మొక్క పచ్చగానే ఉంటుంది, వాడిపోవడానికి నాలుగు రోజులు పడుతుంది. అది నాకు తెలియదా? గట్టు మీద ఘాటు వాసన వచ్చినా ఆశకు పోయి తెంపాను, దరిద్రపుదాన్ని! "ఎవ్వల్ని ముట్టనియ్యకే అన్నా!" అని సంచి ఆయన మీదికి తోసి నీళ్ల ట్యాంకు దిక్కు ఉరికాను.

పండుగ కాబట్టి సాంచెలన్నీ బందు. లేకుంటే ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడేది కాదు. "వందనా! కూర తినకు! వందనా!" గల్లీ అంతా తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఒక ఇంటివైపు చెయ్యి చూపించారు.

చెప్పులతోనే వంటింట్లో జొరబడ్డాను. కూర ఉడికి, దించి ఉంది. గిన్నె ఎత్తి, అంట్లు తోమే జాలారిలో గుమ్మరించాను. వందన అత్త భూమవ్వ గరిటె పట్టుకుని మీదికొచ్చింది.

"ఏందే! దేవుని కూర పారబోస్తవా? సిగ్గున్నదా?"

"కొట్టు అవ్వా, తప్పు నాదే! గడ్డిమందు పడ్డ కూర అమ్మిన. పిల్ల తిన్నదా? గది చెప్పు ముందుగల!"

వందన గోడకు ఆనుకుని కూలబడింది.

"తినలే అక్కా. వాసనకు నోరూరి ఒక్క ముద్ద పెట్టుకోబోయిన. దేవునికి పెట్టకముందే ఎంగిలి చేస్తవా అని అత్త చేతి మీద ఒక్కటేసింది. ఇప్పటిదాక అలిగి కూసున్న."

భూమవ్వ గరిటె పడేసింది. కోడలి చెయ్యి అందుకుని, తాను కొట్టిన చోటే ముద్దులు పెడుతూ భోరుమంది. "ఇంగెన్నడు కొట్ట బిడ్డా, ఎన్నడు కొట్ట."

వందన కడుపు పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "కొట్టకుంటె ఎట్లనే అత్తా!"