చెమ్మ గోడ

పొద్దున్నే కూతురికి జడేసి బడికి పంపడం, ఆ తర్వాత గోడకు జారగిలబడి కూర్చోవడం. ఆ తల్లికి అదే దినచర్య. ఆమె ఆనుకున్న చోటల్లా వీపంత మేర గోడ చెమ్మగిల్లేది. రెండు రోజుల్లో దాని మీద నల్లటి బూజు, ముక్కు మూసుకునేంత వాసన. మనసు బాగోలేనివాళ్ళు ఆనుకుంటే గోడలు అలాగే అవుతాయని వీధిలో అందరికీ తెలుసు. పక్కింటావిడ ఒక చాప ఇచ్చి, "దీనికి ఆనుకోమ్మా, రంగు పాడవదు" అంది. ఏం జాలి గుండో!

పాప మూడు రోజులు బడికి రాలేదని ఎవరో పుణ్యాత్ములు ఫిర్యాదు చేసినప్పటి నుంచీ, పిల్లల సంక్షేమం ఆఫీసు మేడమ్ వారం వారం వస్తోంది. చేతిలో చాంతాడంత ఫారం. గిన్నెలు కడిగారా, దుప్పట్లు ఉతికారా, గోడలు పొడిగా ఉన్నాయా? తల్లి ఎలా ఉందని అడిగే గడి మాత్రం ఒక్కటీ లేదు. ఛీ, ఆ ఫారం తయారుచేసినవాళ్ళ తెలివి తగలెయ్య!

"గోడలు తడి" అని మేడమ్ మూడు వారాలు రాసింది. ఆఫీసువాళ్ళు మూడుసార్లూ రంగులేసేవాణ్ణి పంపారు. డాక్టరు ఊసు ఎవరూ ఎత్తలేదు.

"వచ్చే వారం కూడా తడి కనిపిస్తే పాపను హోముకు తీసుకెళ్తారమ్మా. నా చేతిలో ఏం లేదు" అంది మేడమ్.

డాక్టరు దగ్గరికి తనే వెళ్దామనుకుంది తల్లి. మనసుకు మందులు వాడుతోందని తెలిస్తే పిల్లను ఇంకా ముందే పట్టుకుపోతారని భయపడి ఆగిపోయింది. వారమంతా గోడకు ఆనుకోకుండా గడిపింది. నిలబడే తింది. కాళ్ళు వాచాయి. తన ఒళ్ళంటే తనకే రోత పుట్టింది.

మేడమ్ వచ్చింది. ఆ రోజుకది ఏడో ఇల్లు. "ఒక్క నిమిషం కూర్చుంటానమ్మా" అంటూ గోడకు చేరగిలబడింది. ఫారానికి జతచేసే గోడ ఫోటో తీద్దామని లేచి చూస్తే వెనక గోడంతా తడి. నీళ్ళు ధారగా నేల మీదికి దిగుతున్నాయి, అప్పుడే బూజు కూడా పట్టింది.

"అది నాది కాదు మేడమ్" అంది తల్లి.

"తెలుసు."

మేడమ్ ఆ కంపు పీల్చి మొహం చిట్లించింది. "పిల్లల్ని ఇలా పట్టుకెళ్ళబట్టి పదేళ్ళు. మొదట్లో ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. ఇప్పుడదీ లేదు."

"డాక్టరుకు చూపించుకోలేదా?"

"ఉద్యోగం పోతుందని భయం."

మేడమ్ ఫోను సంచిలో పడేసి, ఫారం తిరగేసి ఖాళీ వైపు రాసింది: 'తల్లికి వైద్యం కావాలి. పాప తల్లి దగ్గరే ఉండాలి. ఈ గోడ తడిపింది నేను.'

కింద సంతకం పెట్టి, తేదీ వేసింది.