పక్క కుర్చీలో మాస్టారు

మా వదినకు రెండు కిడ్నీలూ పాడైపోయాయని తెలిసిన రోజున ఆమె చేతిలో సగం కుట్టిన గౌను ఉంది. మా వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం దేనికని ఆసుపత్రి వరండాలో అంచు కుడుతోంది. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాక మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుని, మిగిలిన జానెడు అంచూ పూర్తిచేసి, దారం పంటితో తెంపి, అప్పుడు ఏడ్చింది.

మా వదిన దర్జీ. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. అన్నయ్య ఎలక్ట్రీషియన్, పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరడు. నేను వాళ్ళతోనే ఉంటాను. లైబ్రరీలో నాది మధ్యాహ్నం డ్యూటీ. అందుకని సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం వదినను డయాలసిస్‌కు తీసుకెళ్ళే పని నాకు పడింది.

మొదటి వారంలోనే మా చర్చి సంఘంలోని పెద్దావిడ ఒకామె చూడ్డానికి వచ్చింది. వదిన తినకూడని పళ్ళన్నీ ఏరికోరి తెచ్చి, మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అంది.

"ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుందమ్మా. వెతుక్కో."

నేను విసురుగా లేవబోయాను. వదిన మాత్రం నెమ్మదిగానే చెప్పింది. "వెతికాను పిన్నిగారూ. చాలానే దొరికాయి. వాటికీ కిడ్నీలకీ ఏం సంబంధమో అంతుపట్టడం లేదు."

పెద్దావిడ సంచి తీసుకుని లేచింది. పళ్ళు మేము తిన్నాం.

పాస్టరుగారు మరుసటి రోజు వచ్చారు. భార్యను పోగొట్టుకుని పదేళ్ళయిన మనిషి. వదిన ఆయన్ని సూటిగా అడిగింది. "చిన్నప్పటినుంచీ ఆ ప్రభువునే నమ్ముకున్నాను. నాకే ఎందుకండీ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "నాకు తెలీదమ్మా. మా ఆవిడ పోయినప్పుడు నేనూ అడిగాను. ఇవాళ్టికీ తెలీదు. ఒక్కటే చెప్పగలను. మనం నమ్ముకున్నది ఒంటి మీద గాయాలున్నవాణ్ణి. నొప్పి అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు."

అంతే. తర్వాత ఒక గంట అలా కూర్చుని, మిషను మీది బట్టలు చూసి, తన కోటుకు ఊడిపోయిన బొత్తాం కుట్టించుకుని వెళ్ళారు. తెలీదని చెప్పడానికి ఇంత దూరం రావాలా అని నేను విసుక్కున్నాను. వదిన ఆ సాయంత్రం బాగా నిద్రపోయింది.

డయాలసిస్ గదిలో ఎనిమిది కుర్చీలుంటాయి. వెనక్కి వాల్చుకునే పెద్ద కుర్చీలు. ఒక్కో దాని పక్కన ఒక్కో యంత్రం. వెళ్ళగానే బరువు చూస్తారు, చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. నాలుగు గంటలపాటు ఒంట్లో రక్తమంతా గొట్టాల్లో తిరిగి, శుభ్రపడి వస్తుంది. గదిలో చలి. చొక్కా చెయ్యి పైదాకా మడిస్తే బిగుసుకుని రక్తం ఆగుతుంది, మడవకపోతే సూదికి దారి ఉండదు. అందుకని చాలామంది ఒక పక్క చొక్కా విప్పేసి, దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకుంటారు.

వదిన రెండో నెలలోనే దానికో ఉపాయం కనిపెట్టింది. తన జాకెట్టు చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా నిలువునా కోసి, టిచ్ బటన్లు వేసుకుంది. టపటపా లాగితే తెరుచుకుంటుంది, పని అయ్యాక నొక్కితే మూసుకుంటుంది. నర్సు చూసి, "మీ బుర్రే బుర్రండీ" అంది. వారం తిరక్కుండా మిగతావాళ్ళు తమ బట్టలు పట్టుకుని వచ్చారు.

ఆమె పక్క కుర్చీలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. రిటైరైన మనిషి. అన్నీ పుల్లవిరుపు మాటలే. సూది గుచ్చే ముందు వదిన కళ్ళు మూసుకోవడం చూసి ఒకరోజు అడిగారు.

"మీ దేవుడికి అంత శక్తి ఉంటే కిడ్నీలే బాగుచెయ్యొచ్చుగా? సూది నొప్పి తగ్గించమని అడగడం దేనికి?"

"రెండూ అడుగుతాను మాస్టారూ. రెండోది కాస్త తొందరగా ఇస్తున్నాడు."

ఆయన తల అటు తిప్పుకున్నారు. నవ్వు దాచుకోవడానికే అని నాకు అనుమానం.

ఒక సోమవారం మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. బుధవారం కూడా రాలేదు. ఇక చాలు, రానని ఇంట్లో చెప్పేశారట. ఆయన భార్య ఫోన్ చేసి ఏడ్చిందని నర్సు చెప్పింది. "డాక్టరుగారు మాట్లాడారు, కొడుకు మాట్లాడాడు. ఎవరి మాటా వినడం లేదు."

గురువారం ఉదయం వదిన ఒక చొక్కా కత్తిరించింది. కొలతలేవి అని అడిగితే, "రెండు నెలలు పక్కన కూర్చున్నాను, ఇంకా కొలతలెందుకు?" అంది. పదకొండింటికల్లా ఇస్త్రీ కూడా చేసి, నన్ను వెంటబెట్టుకుని నర్సు చెప్పిన ఇంటికి బయల్దేరింది.

మాస్టారు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముఖం ఉబ్బిపోయింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

"ప్రార్థన చెయ్యడానికి వచ్చారా?"

"అది ఇంట్లో చేసే వచ్చాను. చొక్కా సరిపోయిందో లేదో చూద్దామని వచ్చాను. చంక దగ్గర బిగుతేమో ఒకసారి చూసుకోండి."

ఆయన ఆ చొక్కాను ఒళ్ళో పెట్టుకుని, చేతి పొడవునా ఉన్న బటన్లు ఒక్కొక్కటే వేలితో తడిమారు. "ఇంకెన్నాళ్ళమ్మా ఇలా?" అన్నారు. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మొదటి నెలంతా నేనూ మీలాగే ఉన్నాను. నన్ను తీసుకుపొమ్మని రోజూ దేవుణ్ణి అడిగాను. ఈ పిల్లకి తెలీదు, మా ఆయనకీ తెలీదు." నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. మంచం పక్కనే తిరిగినా నెలరోజులూ నాకు ఆ సంగతి పట్టనే లేదు. "అప్పుడు నాకు ఒకటి తోచింది. ఇన్నేళ్ళు బతకాలి అనుకుంటే గుండె జారిపోతుంది. సోమవారం నుంచి బుధవారం దాకా అనుకుంటే ఎలాగో చెయ్యొచ్చు. ఆ రెండ్రోజులకి సరిపడా ఓపిక అడుగుతాను. ఇప్పటిదాకా ఒక్కసారీ తక్కువ పడలేదు."

"డాక్టరు కూడా ఇలాగే చెప్పాడు."

"ఆయన ఆ కుర్చీలో కూర్చోలేదుగా. నేను కూర్చున్నాను."

ఎండిపోయిన పెదాలతోనే, మాస్టారిలోని పాత మనిషి కాస్త బయటికి వచ్చాడు. "అయితే మీ దేవుడు మీకు ఈ జబ్బు ఇచ్చింది ఇందుకన్నమాట. నాలాంటి మొండివాడికి చొక్కా కుట్టించడానికి."

వదిన నవ్వలేదు. "అలా అని నేను అనను మాస్టారూ. అంతమాట అనడానికి నాకేం తెలుసు? కానీ వచ్చి పడినదాన్ని ఆయన ఊరికే పోనివ్వడం లేదు. అంతవరకు నా కళ్ళతో చూశాను. మునుపు ఎవరికైనా బాగోలేదంటే దూరం నుంచే అయ్యో అనేదాన్ని. ఇప్పుడు పక్కన కూర్చోగలుగుతున్నాను."

మాస్టారి భార్య వంటింటి గుమ్మంలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన అటు చూసి, "ఈ చొక్కా ఇంట్లో వేసుకు తిరిగితే నలుగురూ నవ్వుతారు. అక్కడికే వేసుకురావాలి" అని గొణిగారు.

వదిన ఏమీ తొందరపెట్టలేదు. "చంక దగ్గర బిగుతుంటే రేపు చెప్పండి" అని లేచింది.

శుక్రవారం ఆయన వచ్చారు. ఆ రోజు ఆయన ఒంట్లో వారంగా పేరుకున్న నీరంతా ఒక్కసారే తీసేసరికి కాళ్ళు పట్టేసి విలవిల్లాడారు. వదిన తన గొట్టాలు కదలకుండా, ఖాళీగా ఉన్న చెయ్యి చాచి ఆయన కుర్చీ పట్టె మీద వేసి ఉంచింది. నొప్పి తగ్గేదాకా తీయలేదు.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. మాస్టారు దేవుణ్ణి నమ్మలేదు. ఆయనా వదినా నాలుగు గంటలూ వాదించుకుంటూనే ఉంటారు. గదిలోవాళ్ళు రేడియో కట్టేసి మరీ వింటారు. వదిన ఆరోగ్యం అంతంతమాత్రమే. కొన్ని వారాలు బాగుంటుంది, కొన్ని వారాలు మెట్టు ఎక్కలేదు. కుట్టుపని సగానికి తగ్గించుకుంది, అయినా టిచ్ బటన్ల చొక్కాలు మాత్రం ఎవరు అడిగినా కాదనదు.

మొన్న ఇంటికి వస్తూ దారిలో ఆయాసం వచ్చి పార్కు అరుగు మీద కూర్చుంది. ఎండ హాయిగా ఉంది. అడగాలా వద్దా అని తటపటాయించి అడిగేశాను.

"నాకే ఎందుకని ఇంకా అడుగుతున్నావా వదినా?"

"అడక్కేం. మొన్న కాళ్ళు లాగేసినప్పుడు గట్టిగానే అడిగాను." చెప్పులు విడిచి కాళ్ళు ఎండలోకి చాపుకుంది. "మొదట్లో అడిగితే గోడతో మాట్లాడినట్టుండేది. ఇప్పుడు అలా లేదు. జవాబు ఇంకా రాలేదనుకో. అయినా వింటున్నాడని తెలుస్తోంది. నాకు అది చాలుతోంది."

ఆ మాట నేను పూర్తిగా నమ్మానో లేదో చెప్పలేను. కానీ ఆమె ముఖం చూస్తే అది నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాటలా లేదు. పక్కనే కూర్చుని నేనూ చెప్పులు విడిచాను. నా డ్యూటీకి ఇంకా అరగంట ఉంది.