పాయింట్ గార్డ్ వాళ్ళ నాన్న

సోఫాలు కుట్టే ఆయన్ని ఆ వీధిలో సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన "పాయింట్ గార్డ్ వాళ్ళ నాన్న". కూతురు పగలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది, సాయంత్రాలు ఊరి మహిళల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడేది. బంతిని ముందుకు తీసుకెళ్ళి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చే పని ఆ అమ్మాయిది. అలా పిలిచినప్పుడల్లా ఆయన పైకి విసుక్కునేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు.

ఆ శనివారం జట్టు ఓడిపోయింది. నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలైనట్టు ఓడిపోయింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా మనవాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. బంతి ఈయన కూతురి చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకుని కాలయాపన చేసినా గెలిచేవాళ్ళే. కానీ అవతలి మూల తోటి పిల్ల ఒక్కతే ఖాళీగా నిలబడి ఉండటం చూసి, అటు పొడుగాటి పాస్ విసిరింది. మధ్యలో ఎవరిదో చెయ్యి లేచింది. ఆ చేతికి తగిలిన బంతి అవతలి జట్టుకు దొరికింది, వాళ్ళు పరుగున వెళ్ళి బుట్టలో వేసేశారు. గ్యాలరీ అంతా శవం లేచిన ఇల్లులా అయిపోయింది.

మర్నాడు పొద్దున్న అభిమానులు ఎప్పట్లాగే ఆయన షాపులో చేరారు. తాళాలు బాగుచేసేవాడు ఒకడు. ఆట జరుగుతున్నంతసేపూ నోరు మూయడు కాబట్టి అతన్ని కామెంట్రీ అంటారు. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన. మూడోవాడు ఈయన బావమరిది. దూది పీకేసిన సోఫా చట్రం మీద ఒకరు, రెక్సిన్ చుట్టల మీద ఇద్దరు కూర్చున్నారు. ఈయన నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక పాత కుర్చీకున్న మేకులు పీకుతున్నాడు.

"నేనప్పుడే అన్నాను. మూడో క్వార్టర్‌లోనే ఆ పిల్లని బయటికి తియ్యాల్సింది," అన్నాడు కామెంట్రీ.

"నువ్వు అననిదెప్పుడులే. గెలిచినా అప్పుడే అన్నానంటావు, ఓడినా అప్పుడే అన్నానంటావు," అన్నాడు కండక్టరు.

"మా మేనకోడలు ఒక్కతే ఓడించిందా?" అన్నాడు బావమరిది. "ఎదురెవరూ లేకుండా వేసే ఫ్రీ త్రోలు ఎంతమంది పారేశారో చూశారుగా. తిలాపాపం తలా పిడికెడు."

"అవన్నీ సరే. చివర్లో బంతి ఎవరి చేతిలో ఉంది, చెప్పు," అన్నాడు కామెంట్రీ. "బెంచి మీద ఆ పొడుగుపిల్ల ఊరికే కూచుని ఉంది. దాన్ని దింపుంటే ఈపాటికి మనం టపాసులు కాల్చుకునేవాళ్ళం."

సోఫాలు కుట్టే ఆయన తల ఎత్తలేదు. "మూలన ఉన్న పిల్ల నిజంగానే ఖాళీగా ఉంది. పాస్ తప్పు కాదు. అవతలిది బాగా ఎగిరింది, అంతే."

కామెంట్రీ నవ్వాడు. "నీకు అలాగే కనిపిస్తుందిలే. కాకిపిల్ల కాకికి ముద్దు."

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వాడు. ఆ నవ్వు ఈయనకు ముల్లులా దిగింది. కుర్రతనంలో ఈయన కూడా ఆడినవాడే. ఏ ఆట గురించి వాదన వచ్చినా చివరికి ఈయన ఏమంటాడా అని అందరూ చూసేవాళ్ళు. ఇప్పుడు ఈయన మాట వట్టి తండ్రి మాట అయిపోయింది. పటకారు పక్కన పెట్టాడు.

"ముద్దూ లేదు, మురిపెమూ లేదు. ఆట వేరు, కూతురు వేరు. నన్నడిగితే ఆ పిల్ల మొదటి ఐదుగురిలో ఉండాల్సింది కాదు. ఒత్తిడి వస్తే చేతులు చల్లబడిపోతాయి దానికి. ఇవాళ కొత్తగా వచ్చింది కాదు, చిన్నప్పట్నుంచీ అంతే. నేనే కోచ్‌నైతే వచ్చే ఆటకి బెంచి మీద కూచోబెడతాను."

"అదీ మాటంటే," అని కామెంట్రీ తొడ చరిచాడు. కండక్టరు మెచ్చుకోలుగా తలూపాడు. పోయిన పెద్దరికం తిరిగి వచ్చినట్టు అనిపించి ఈయన ఒక్క క్షణం తృప్తిపడ్డాడు.

బావమరిది మాత్రం గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ టీ ఫ్లాస్కు పట్టుకుని అమ్మాయి నిలబడి ఉంది.

ఆమె లోపలికి వచ్చి ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "మామయ్యా, నీకని చక్కెర తక్కువ వేసింది అమ్మ," అంది. గ్లాసులు తుడిచి వరసగా పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆమె ఆ ఊసే ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఎత్తితే విన్నదని ఒప్పుకున్నట్టు అవుతుంది, ఎత్తకపోతే విననట్టే సర్దుకుపోవచ్చు అనుకున్నాడు. మనిషి మనసు తనను తాను మోసం చేసుకోవడానికి ఎంత చిన్న సందైనా వెతుక్కుంటుంది.

తర్వాతి ఆట గెలిస్తేనే జట్టు పై రౌండుకు వెళ్తుంది. ఆయన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మైకులో ఐదుగురి పేర్లు చదివారు. కూతురి పేరు లేదు. పొడుగుపిల్ల బంతి అందుకుంది. ఆ రోజు ఆ పిల్ల ఏం పట్టినా బంగారమే అయింది. జట్టు సునాయాసంగా గెలిచింది. గ్యాలరీ లేచి గంతులు వేస్తుంటే కామెంట్రీ వచ్చి ఈయన్ని వాటేసుకున్నాడు.

"కోచ్ నీ మాటే విన్నట్టుంది. నీ అంచనా అంచనానే," అన్నాడు.

ఈయన కళ్ళు బెంచి దగ్గరే ఉన్నాయి. ఆమె అందరికీ తువాళ్ళు అందిస్తోంది. పొడుగుపిల్ల వీపు తట్టి చెవిలో ఏదో చెప్పి నవ్విస్తోంది. ఊరంతా గెలిచిన ఆ సాయంత్రం ఆయన ఒక్కడే ఓడిపోయాడు.

జనం పల్చబడ్డాక కిందికి దిగి కోచ్ దగ్గరికి వెళ్ళాడు. "ఒక్క పొరపాటుకే తీసేశారా అమ్మా?" అన్నాడు.

"నేను తియ్యలేదండీ," అంది ఆవిడ. "తనే అడిగింది. ఒత్తిడిలో నా చేతులు చల్లబడిపోతాయి, నన్ను ఆడించకండి అంది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ అలా అనిపించలేదు. ఎవరు నూరిపోశారో మరి."

ఇద్దరూ ఇంటికి నడుస్తున్నారు. మూసేసిన షాపుల ముందు ఆమె సంచి మోస్తూ ఒక అడుగు ముందు నడుస్తోంది.

"ఆ రోజు నేను ఊరికే అన్నాను తల్లీ," అన్నాడు చివరికి. "వాళ్ళు నవ్వేసరికి రోషం వచ్చి నోరు జారాను. ఆ పాస్ తప్పు కాదని నాకు తెలుసు."

"పాస్ గురించి అనుంటే నేను పట్టించుకునేదాన్ని కాదు నాన్నా. చిన్నప్పట్నుంచీ అంతే అన్నావు."

ఆయన సంచి అందుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"బయటివాళ్ళు ఎన్నైనా అంటారు. వాళ్ళు చూసేది ఆటనే. స్నానం చేస్తే పోయేది అదంతా. నువ్వు నన్ను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు. నువ్వు అంటే నిజమేనేమో అనిపించింది."

"నిజం కాదమ్మా. నీ మీద ఒట్టు."

"తెలుసు. నువ్వు ఇప్పుడు చెప్పేదే నిజమని తెలుసు." ఆమె సంచి రెండో భుజానికి మార్చుకుంది. "కానీ నువ్వు గ్యాలరీలో ఉంటే బంతి వచ్చినప్పుడల్లా నా చేతుల వంకే చూసుకుంటాను. కొన్నాళ్ళు ఆటకి రాకు నాన్నా."

"ఎన్నాళ్ళు?"

"ఏమో. తెలీదు."

సంగతి తెలిసి కామెంట్రీ సిగ్గుపడ్డాడు. కళ్ళజోళ్ళ షాపుకు స్వయంగా వెళ్ళి, "నా నోటి దురద వల్లే ఇదంతా, క్షమించు తల్లీ," అన్నాడు. ఆమె నవ్వి, "మీరు అనకపోతే ఆట చూసినట్టు ఎలా ఉంటుంది అంకుల్," అని అక్కడికక్కడే క్షమించేసింది. ఆ మాట కామెంట్రీ సంబరంగా వచ్చి చెబుతుంటే సోఫాలు కుట్టే ఆయన కత్తెర కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. పరాయివాడికి అంత తేలిగ్గా దొరికింది తనకు దొరకలేదు.

పై రౌండు మొదలయ్యేసరికి ఆమె మళ్ళీ మొదటి ఐదుగురిలోకి వచ్చింది. అది ఆయనకు భార్య చెప్పింది. ఆ రోజు సాయంత్రం వీధి వీధంతా ఆటకు తరలిపోయింది. భార్య కూడా వెళ్ళింది. ఆయన షాపు మూసి ఇంటికి వచ్చి, టీవీ పెట్టకుండా కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆట అయిపోయే వేళకు దూరంగా ఈలలు వినిపించాయి. గెలిచినందుకో ఓడినందుకో ఆ దూరం నుంచి తేల్చుకోలేకపోయాడు.

కాసేపటికి మెట్ల మీద తల్లీకూతుళ్ళ గొంతులు వినిపించాయి. కూతురు ఏదో పాస్ గురించి ఆయాసపడుతూ, చేతులు తిప్పుతూ చెబుతున్నట్టుంది. తల్లి మధ్యలో పకపకా నవ్వింది. ఆ మాట వినడానికి ఆయన ఊపిరి బిగబట్టాడు. తలుపు తెరుచుకుంది. కుర్చీలో ఆయన్ని చూడగానే కూతురి మాట సగంలో ఆగిపోయింది.

"గెలిచారా?" అన్నాడు.

"గెలిచాం," అంది.

ఎలా ఆడావు అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె బూట్లు విప్పి తలుపు వెనక పెట్టింది.

"తిన్నావా నాన్నా?" అని అడిగింది, ఎంతో మర్యాదగా.